ఊరి నీళ్ల పరీక్ష పిల్లలతో చేయించాలి, పోటీ అయిపోయాక కూడా ఆసక్తి నిలవాలి. ఎలా?

#1 · నల్లబల్ల

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూలు, 8, 9 తరగతులు కలిపి 34 మంది. గ్రానైటు నేల, ఫ్లోరైడ్ ఉన్న మండలం. ఊళ్లో జనం నీళ్లు పట్టుకునే చోట్లు 14: రెండు ట్యాంకుల కింద నల్లాలు, ఏడు బోరింగులు, నాలుగు చేదబావులు, ఒక ఆర్వో ప్లాంటు. జూలై నుంచి ఫిబ్రవరి దాకా ఈ 14 చోట్ల నీళ్లను పిల్లలే పరీక్షించాలి, ఊరివాళ్లు కూడా కలిసి రావాలి. ఖర్చు 12,000 దాటకూడదు.

అసలు చిక్కు పరికరాల దగ్గర లేదు. జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 1993 నుంచి 10–17 ఏళ్ల పిల్లల కోసం జరుగుతోంది. స్థానిక సమస్య తీసుకోండి, మీరే కొలవండి, లాగ్‌బుక్ రాయండి అనే చెబుతుంది. బళ్లలో జరిగేది వేరు. ఇద్దరు పిల్లలు, ఒక సారు కూర్చుని చార్టులు నింపుతారు, మిగతా తరగతి చప్పట్లు కొడుతుంది. జిల్లా స్థాయి ముగిసిన మర్నాడే లాగ్‌బుక్ బీరువాలోకి పోతుంది.

కాబట్టి రెండు ప్రశ్నలు. ఈ వయసు పిల్లలు నమ్మదగినట్టుగా కొలవగలిగేవి ఏవి? ముప్పై నాలుగు మందికీ ఎనిమిది నెలలు పని మీద మనసు నిలవాలంటే ఏం చేయాలి?

#2 · జలగణితం

మొదటి ప్రశ్నకు జవాబు. పిల్లలు బాగా చేయగలిగేవి: టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), కఠినత్వం (కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయన్నది), ఫ్లోరైడ్ రంగు పరీక్ష, మిగులు క్లోరిన్, హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష (మురుగు కలిసిందా అని చూసేది). నైట్రేట్‌ను పట్టీతో ఉరామరిగా చూడొచ్చు, కానీ అంకె చెప్పాలంటే ప్రయోగశాలకే పంపండి. ఆర్సెనిక్, పురుగుమందుల జోలికి వెళ్లొద్దు.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లోని హద్దులను గోడ మీద పెద్దగా రాయించండి. లీటరుకు ఫ్లోరైడ్ 1 మి.గ్రా., వేరే నీళ్లు దొరకని చోట 1.5. టీడీఎస్ 500, గత్యంతరం లేకపోతే 2,000. కఠినత్వం 200, గత్యంతరం లేకపోతే 600. నైట్రేట్ 45, దీనికి సడలింపు లేదు. పీహెచ్ 6.5 నుంచి 8.5.

ఇక కఠినత్వం. దీన్ని టైట్రేషన్‌తో, అంటే తెలిసిన ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి, ఎంత ఖర్చయిందో చూసి కొలుస్తాం. ఊళ్లో అందరికీ అర్థమయ్యే పరీక్ష ఇదే, చేతికి నేర్పు తెచ్చేదీ ఇదే. ఈడీటీఏ (కాల్షియం, మెగ్నీషియంను పట్టేసే రసాయనం) డైసోడియం లవణం 3.723 గ్రాములు ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే 0.01 మోలార్ ద్రావణం వస్తుంది. బడి త్రాసుతో ఇది తూచలేరు, దగ్గరి డిగ్రీ కాలేజీలో తూయించి తెచ్చుకోండి. రంగు మారి ముగింపు చూపే సూచిక ఎరియోక్రోమ్ బ్లాక్ టీ పొడి 0.5 గ్రాము, 100 గ్రాముల ఉప్పుతో కలిపి నూరి పెట్టుకుంటే నెలల తరబడి ఉంటుంది. ద్రావణంగా చేసి పెడితే తొందరగా పాడవుతుంది.

నమూనా 50 మి.లీ., అమ్మోనియా బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) 1 మి.లీ., సూచిక పొడి చిటికెడు. నీళ్లు ద్రాక్షరసం రంగుకు వస్తాయి. ఈడీటీఏ చుక్కచుక్కగా వేస్తూ ఫ్లాస్కు తిప్పాలి. ఎర్రన పోయి వంగపండు రంగు వచ్చినప్పుడే పిల్లలు "అయిపోయింది" అంటారు. అవ్వలేదు. అక్కడి నుంచి ఒక్కో చుక్క వేసి ఐదు సెకన్లు తిప్పి చూడాలి, ఎందుకంటే చివర్లో మెగ్నీషియం నెమ్మదిగా స్పందిస్తుంది. ఎర్రటి ఛాయ పూర్తిగా పోయి నీలం ఒక్కటే మిగిలినప్పుడు ఆపాలి. పక్కనే ముందుగా పూర్తయిన ఒక ఫ్లాస్కు, వెనకాల తెల్ల కాగితం పెట్టండి. రంగును పోల్చి చూస్తే కన్ను మోసపోదు. ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాముల కఠినత్వం.

బోరింగు నీళ్లలో తుప్పు ఎక్కువుంటే రంగు ఎంతకీ నీలానికి తిరగదు. తప్పు పిల్లలది కాదు, ఇనుము సూచికను పట్టేసింది. ఆ నమూనాను ప్రయోగశాలకు పంపండి. బఫర్ ఘాటు కళ్లకు తగులుతుంది. వరండాలో, టీచరే పోయాలి.

బ్యూరెట్టు (గీతలు, కింద కుళాయి ఉన్న గాజు గొట్టం) లేదంటే 10 మి.లీ. నమూనా, 5 మి.లీ. సిరంజి చాలు.

#3 · పలకా_బలపం

రెండో ప్రశ్న నాకు ముఖ్యం. పిల్లల ఆసక్తి ఎందుకు ఆరిపోతుందో నల్లబల్ల గారి మొదటి పోస్టులోనే ఉంది: ఆ అంకె ఎవరికీ అక్కర్లేదు. న్యాయనిర్ణేతకు ఆ ఒక్క రోజు కావాలి, అంతే. ఊళ్లో ఎవరైనా "మా బోరింగు సంగతి ఈ వారం ఏమైంది?" అని అడిగే స్థితి తేగలిగితే బహుమతి అవసరమే ఉండదు.

బహుమతుల గురించి 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చేసిన ప్రయోగం టీచర్లందరికీ తెలియాలి. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి "వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. తర్వాతి రోజుల్లో వాళ్లే స్కెచ్ పెన్నులు తక్కువగా ముట్టుకున్నారు. ఏమీ చెప్పకుండా చివర్లో హఠాత్తుగా సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. అంటే మెచ్చుకోవద్దని కాదు. ముందే ఆశ చూపి పని చేయించొద్దని.

మన దేశంలోనే పెద్ద ఉదాహరణ హోషంగాబాద్ విజ్ఞాన కార్యక్రమం. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలతో మొదలై 2002 దాకా నడిచింది. పిల్లలు గుంపులుగా ప్రయోగం చేసి, వచ్చింది సొంత మాటల్లో రాసుకునేవాళ్లు, పరీక్షకు ఆ పుస్తకాలు తెచ్చుకోవచ్చు. మీరూ ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు మార్కులను ఫలితానికి కాకుండా నోటు పుస్తకానికి ఇవ్వండి. కొట్టివేసిన అంకె కనిపించాలి, ఎందుకు కొట్టివేశారో పక్కన ఉండాలి. తప్పు రాసినందుకు మార్కు పోదని తెలిసిన రోజునే పిల్లవాడు నిజం అంకె రాస్తాడు.

పని పంచే తీరు: 34 మందిని 17 జంటలు చేయండి, ఒక్కో జంటలో 9వ తరగతి ఒకరు, 8వ తరగతి ఒకరు. 14 జంటలకు 14 చోట్లు. ఎవరింట్లో ఏ నీళ్లు వాడతారో ఆ జంటకు అదే చోటు. మిగిలిన మూడు జంటల్లో ఒకటి వాన, బావి మట్టం కొలుస్తుంది, ఒకటి రసాయనాలు, సీసాలు చూసుకుంటుంది, ఒకటి లెక్కలు సరిచూసి బోర్డు రాస్తుంది. ఈ మూడు పనులూ ఆరు వారాలకోసారి మారాలి. నీటి చోటు మాత్రం మారకూడదు. "మా బోరింగు" అన్న మాట నోట రావాలి.

ఇంకో మాట. ఏ వాడ బోరింగునూ జాబితాలోంచి వదలొద్దు. ఆ వాడ పిల్లలే దానికి బాధ్యులు కావాలి. నీళ్లు మోసే పని ఇళ్లలో ఎలాగూ ఆడపిల్లల మీదే ఉంది. సీసాలు కడగడం, మోయడం మగపిల్లలకు అప్పగించి, టైట్రేషన్, లెక్కలు ఆడపిల్లల చేతికి రావాలి. మీరు చెప్పకపోతే దానంతటది ఇలా జరగదు.

#4 · వంటింటి_రసాయనం

ఊరిని కలపాలంటే ఫ్లోరైడ్‌తో మొదలుపెట్టొద్దు. పప్పుతో మొదలుపెట్టండి. "ఆ బోరింగు నీళ్లలో పప్పు ఉడకదు" అని ఊళ్లో ప్రతి ఇంట్లో అంటారు. అది నిజమో కాదో తేల్చమని పిల్లలకు ఇవ్వండి. మధ్యాహ్న భోజనం వండే అక్కే అక్కడ నిపుణురాలు.

ఒకే కొట్లో, ఒకే సంచీలోంచి కందిపప్పు. ఒక్కో నమూనాకు 50 గ్రాముల పప్పు, 300 మి.లీ. నీళ్లు. నానబెట్టొద్దు, ఉప్పూ పసుపూ వేయొద్దు. కుక్కర్ కాదు, మామూలు గిన్నె, మూత, ఒకే పొయ్యి, ఒకే మంట. నీళ్లు మరిగినప్పటి నుంచి గడియారం. 15వ నిమిషం నుంచి ప్రతి 5 నిమిషాలకు గరిటెతో పది బద్దలు తీసి పళ్లెంలో ఆరనిచ్చి, బొటనవేలు, చూపుడు వేలి మధ్య నొక్కాలి. మధ్యలో గట్టి పలుకు తగిలితే ఉడకనట్టు. పదింటిలో తొమ్మిది మెత్తగా నలిగితే ఉడికినట్టు. ఆ నిమిషం రాసుకోవాలి. ఒక్కో నీటితో మూడుసార్లు. పోల్చడానికి వాన నీళ్లు.

చెడేది ఎక్కడంటే, నీళ్లు ఆవిరై తగ్గినప్పుడు చేతికందిన నీళ్లు పోసేస్తారు. అదే చోటి నీళ్లను పక్క పొయ్యి మీద మరిగించి పెట్టుకుని వాటినే పోయాలి. ఇంకోటి, పప్పు వండిన జంటకు కఠినత్వం అంకెలు ముందు తెలియకూడదు. తెలిస్తే వేళ్లు కూడా అటే మొగ్గుతాయి.

కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాల మధ్య ఉండే పెక్టిన్‌ను బిగించి పట్టేస్తాయి, అందుకే బద్ద మెత్తబడదు. నిమిషాలు ఒక అక్షం మీద, కఠినత్వం ఇంకో అక్షం మీద పెట్టి గ్రాఫ్ గీయిస్తే 14 చుక్కల్లో పిల్లలకే కనపడుతుంది. ఆ గ్రాఫును వంట చేసే అక్క చేతే ఊరికి చూపించండి.

#5 · జలగణితం

పప్పు ప్రయోగం చాలా బాగుంది. దానికి ఒక ముఖ్యమైన తోక తగిలించాలి.

గ్రానైటు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తరచుగా కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ ఉండే నీళ్లు. కాల్షియం ఉన్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకు దిగిపోతుంది, నీళ్లలో ఎక్కువ నిలవదు. కాల్షియం లేనిచోట ఆ అడ్డు లేదు. పైగా బైకార్బొనేట్ వంటసోడా చేసే పనే చేస్తుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది, సబ్బు బాగా నురగ వస్తుంది, నోటికి కూడా బాగుంటాయి. అంటే ఊరు "మంచి నీళ్లు" అనే బోరింగులోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉండొచ్చు. పప్పు గ్రాఫు పక్కన ఫ్లోరైడ్ అంకె పెట్టిన రోజు పిల్లలు తమంతట తాము ఆగి చూసే చోటు ఇదే. నాలుక చెప్పేదానికీ పరీక్ష చెప్పేదానికీ తేడా ఏ ఉపన్యాసం కంటే బాగా తెలుస్తుంది.

అలాగని ఊరి మాటను తీసిపారేయకండి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) మనుషుల్లో గుర్తించి 1937లో రాసిన నివేదిక అప్పటి నెల్లూరు జిల్లాకు సంబంధించినదే. ఆ నీళ్లు తాగిన ఊళ్ల మనుషుల పళ్లు, ఎముకలు చూసే రాశారు.

ఫ్లోరైడ్ కిట్ వాడకం: జిర్కోనియం–అలిజరిన్ రంగు గులాబీ నుంచి పసుపు వైపు పాలిపోతుంది, ఎంత పాలిపోతే అంత ఫ్లోరైడ్. క్లోరిన్ ఉన్నా రంగు పాలిపోతుంది! బ్లీచింగ్ వేసిన ట్యాంకు నీళ్లు నేరుగా పరీక్షిస్తే లేని ఫ్లోరైడ్ కనిపిస్తుంది. బ్లీచింగ్ కలపకముందు బోరు దగ్గరే పట్టండి. క్షారత బాగా ఎక్కువున్న నీళ్లు కూడా రంగును తప్పుదారి పట్టిస్తాయి. చూడటం పగటి వెలుతురులోనే, ట్యూబ్‌లైటు కింద వద్దు. ముగ్గురు విడివిడిగా చూసి చీటీ మీద రాసి, తర్వాత కలిపి చూసుకోవాలి. ముగ్గురి అంకెలూ 0.5 కంటే ఎక్కువ తేడా ఉంటే మళ్లీ చేయాలి.

టీడీఎస్ పెన్ను మీద ఒక అపోహ ఊళ్లన్నిట్లో ఉంది: "టీడీఎస్ తక్కువ, కాబట్టి ఫ్లోరైడ్ లేదు." పెన్ను కొలిచేది విద్యుత్ వాహకతను మాత్రమే. లీటరుకు 3 మి.గ్రా. ఫ్లోరైడ్ 600 టీడీఎస్‌లో ఎక్కడా కనిపించదు. పెన్నును ప్రతి పరీక్ష రోజూ సరిచూడండి. ఒక గ్రాము ఉప్పు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే మామూలు పెన్నులు దాదాపు 1,000 చూపాలి. 50 అటూ ఇటూ ఫరవాలేదు. 850 చూపితే కొనలు మురికి పట్టినట్టు, వెనిగర్‌లో పది నిమిషాలు ఉంచి కడగండి.

#6 · చిప్పు_దీపం

ఇవన్నీ చేతితోనే ఎందుకు? ఈఎస్‌పీ32 బోర్డు (చిన్న కంప్యూటర్ లాంటిది), టీడీఎస్ సెన్సరు, అల్ట్రాసోనిక్ సెన్సరు (వినపడని ధ్వనితో దూరం కొలిచేది) పెడితే అంకెలు ఫోనుకే వస్తాయి. ఈ కాలం పిల్లలకు టెక్నాలజీ అంటేనే ఉత్సాహం. 12,000లో మూడు చోట్ల పెట్టొచ్చు.

#7 · గట్టుమీద

చిప్పు_దీపం గారూ, సెన్సరు పెట్టాలి, కానీ నాలుగో నెలలో. మొదట్లోనే పెడితే పిల్లలకు ఆ అంకె సరైనదో కాదో తెలిసే దారి లేదు, తెర మీద వచ్చిందల్లా రాసేస్తారు. చేత్తో ఇరవైసార్లు కొలిచినవాళ్లే సెన్సరును అనుమానించగలరు.

బావి మట్టం కొలిచే తీరు చూడండి. 30 మీటర్ల టేపు కొనకు చిన్న ఇత్తడి గిన్నెను బోర్లించి కట్టాలి. నీటిని తాకగానే బావిలోంచి "ప్లప్" మని చప్పుడు వస్తుంది. రెండు అంగుళాలు పైకి లాగి మళ్లీ దించితే మళ్లీ అదే చప్పుడు. మూడోసారి చప్పుడైన చోట టేపును గట్టు అంచుకు ఆనించి చదవాలి. గట్టు మీద పెయింటుతో ఒక గుర్తు ఉండాలి, ప్రతిసారీ అక్కడి నుంచే. గట్టు ఎత్తు తీసేస్తే నేల నుంచి లోతు. ఉదయం 7 లోపు, మోటార్లు వేయకముందు. మోటారు ఆడుతున్నప్పుడు కొలిస్తే వచ్చేది బావి మట్టం కాదు, తోడుతున్న నీటి మట్టం. పెద్దవాళ్లు ఒకరు పక్కన లేకుండా పిల్లల్ని బావి దగ్గరికి పంపకండి. గట్టు లేని బావిని జాబితాలోంచి తీసేయండి.

వాన: 20 సెం.మీ. వ్యాసమున్న గరాటు, కింద క్యాను. గరాటు మూతి 314 చదరపు సెం.మీ., కాబట్టి 31.4 మి.లీ. నీళ్లు వస్తే 1 మి.మీ. వాన. చెట్టుకు, గోడకు వాటి ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో పెట్టాలి. రోజూ ఉదయం 8:30కి కొలవాలి, వాతావరణ శాఖ సమయం అదే. ఆదివారాలు, సెలవులు ఎవరు కొలుస్తారో మొదటి రోజే తేల్చుకోండి. పట్టికలు చెడేది అక్కడే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భ జలాన్ని కొలుచుకున్న పెద్ద కార్యక్రమం ఒకటి 2000ల దశకంలో జరిగింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా, అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం సహా ఏడు కరువు జిల్లాల్లో. పేరు ఏపీఎఫ్ఏఎంజీఎస్ (ఆంధ్రప్రదేశ్ ఫార్మర్ మేనేజ్డ్ గ్రౌండ్‌వాటర్ సిస్టమ్స్). వాన, బోర్ల నీటి మట్టం, ఎంత నీరు పోస్తోంది అన్నది రైతులే కొలిచి, రబీకి ముందు పంటల నీటి లెక్క కూర్చుని వేసుకునేవాళ్లు, ఊరి బోర్డు మీద రాసుకునేవాళ్లు. డబ్బు గానీ సబ్సిడీ గానీ ఇవ్వలేదు. అయినా కొలిచారు, ఎందుకంటే ఈసారి వరి వేయాలా, శనగ వేయాలా అన్నది ఆ అంకె మీదే తేలుతుంది. పలకా_బలపం గారు చెప్పింది ఇదే.

మీ పిల్లల బావి మట్టం రైతుకు సెప్టెంబరు చివర్లో అక్కరకొస్తుంది. అప్పుడు బోర్డు మీద ఉండేలా చూసుకోండి, నవంబరులో రాస్తే ఎవరూ చూడరు.

#8 · చిప్పు_దీపం

ఒప్పుకుంటున్నాను. నాలుగో నెల నుంచి అయితే ట్యాంకు మట్టంతో మొదలుపెట్టండి, టీడీఎస్ సెన్సరుతో కాదు. టీడీఎస్ సెన్సరు కొనలు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటే పొర పట్టి అంకె జారిపోతుంది.

ట్యాంకుకు నీళ్లకు తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సరు వాడాలి. సాధారణ రకం తేమకు తుప్పు పడుతుంది. తట్టుకునే రకం దాదాపు 25 సెం.మీ. లోపు దూరాన్ని చదవలేదు, కాబట్టి ట్యాంకు నిండినప్పుడు కూడా నీటికీ సెన్సరుకూ అంత ఎడం ఉండేలా బిగించాలి. ఎకో తీగలో (సెన్సరు జవాబు పంపే తీగ) 5 వోల్టులు వస్తాయి, ఈఎస్‌పీ32 భరించేది 3.3. మధ్యలో 1 కిలోఓమ్, 2 కిలోఓమ్ రెసిస్టర్లతో వోల్టేజీ తగ్గించాలి. ఇది మరిస్తే బోర్డు వెంటనే పోకపోవచ్చు, కొన్నాళ్లకు పిచ్చి అంకెలు ఇస్తుంది.

ఇందులోనే మంచి భౌతికశాస్త్రం పాఠం ఉంది. చాలా కోడ్లలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని రాసేసి ఉంటుంది. అది 20 డిగ్రీల వేగం. మన ట్యాంకులో గాలి 40 డిగ్రీలుంటే వేగం సుమారు 355. రెండు మీటర్ల దూరాన్ని సెన్సరు 1.93 అని చూపుతుంది, అంటే మిట్టమధ్యాహ్నం ట్యాంకులో నీళ్లు 7 సెం.మీ. పెరిగినట్టు! ఉదయం, మధ్యాహ్నం కర్రతో కొలిచి సెన్సరు అంకెతో పోల్చమనండి. తేడా ఎందుకొస్తోందో వెంటనే చెప్పకండి, వారం ఆగండి.

#9 · నల్లబల్ల

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. పిల్లల అంకెలు నమ్మొచ్చని ఊరికి ఎలా చూపించాలి? ఫ్లోరైడ్ ఎక్కువ వస్తే బోర్డు మీద రాయడం వల్ల భయం పుట్టదా?

#10 · జలగణితం

మొదటిదానికి మూడు పద్ధతులు, మూడూ పాటించండి.

నమూనా పట్టడం: బోరింగు కనీసం ఐదు నిమిషాలు కొట్టాక పట్టాలి, పైపులో నిలిచిన నీళ్లు పోవాలి. అదే నీటితో సీసా మూడుసార్లు కడగాలి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసానే, గాజు వద్దు. మూత మీద కాకుండా సీసా మీద రాయాలి, మూతలు మారిపోతాయి.

జంట నమూనా: ప్రతి ఐదింటికి ఒకటి రెండు సీసాల్లో పట్టి, వేర్వేరు సంకేతాలతో వేర్వేరు జంటలకు ఇవ్వాలి. రెండు అంకెలూ దగ్గరగా వస్తేనే ఆ వారం ఫలితం బోర్డెక్కుతుంది.

గుడ్డి నమూనా: సోడియం ఫ్లోరైడ్ 221 మి.గ్రా. ఒక లీటరులో కరిగిస్తే లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్. అందులోంచి 10 మి.లీ. తీసి లీటరుకు పెంచితే సరిగ్గా 1, 20 మి.లీ. తీస్తే 2. ఇది విషం. కాలేజీలో చేయించి, టీచరే పలుచన చేసి, అసలు ద్రావణం తాళంలో పెట్టాలి. పలుచన చేసిన సీసాను మామూలు నమూనాల మధ్య కలిపేయండి. పిల్లలు దాన్ని 2 అని కనిపెట్టిన రోజు గ్రామసభలో నిలబడి మాట్లాడే ధైర్యం వాళ్లకు వస్తుంది. అది పొగడ్తతో వచ్చేది కాదు.

#11 · ఊరి_ఆరోగ్యం

రెండో సందేహానికి. బోర్డు మీద "విషం", "సురక్షితం" అనే మాటలు రెండూ వద్దు. చోటు, తేదీ, అంకె, హద్దు, ఎవరు కొలిచారు (జంట సంఖ్య మాత్రమే). అంతే. 1.5 దాటితే బోర్డు కంటే ముందు పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు) రాతపూర్వకంగా ఇచ్చి ప్రయోగశాల పరీక్ష అడగండి. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్ పరీక్షలో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. మీ ఊళ్లో వాళ్లెవరో కనుక్కుని మొదటి రోజు నుంచే కలుపుకోండి. పిల్లల అంకెకూ వాళ్ల అంకెకూ తేడా వస్తే ఇద్దరూ ఒకే బోరింగు దగ్గర కూర్చుని మళ్లీ చేయాలి. కలిసి నేర్చుకోవడమంటే అదే.

చెప్పేటప్పుడు బోరింగు మూసేయమని కాదు, ఆ నీళ్లు తాగడానికి, వంటకు కాకుండా స్నానానికి, బట్టలకు, గిన్నెలకు వాడుకోవచ్చని చెప్పాలి. ఫ్లోరైడ్ చర్మం గుండా ఒంట్లోకి పోదు. కాచితే పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. దీన్ని పిల్లలే చూపించొచ్చు: లీటరు నీళ్లను సగానికి మరిగించి టీడీఎస్ ముందూ తర్వాతా కొలిచి పోల్చాలి. కఠినత్వంలో కొంత పెంకుగా దిగిపోతుంది కాబట్టి సరిగ్గా రెట్టింపు రాదు, అయినా పెరిగిందన్నది స్పష్టంగా తెలుస్తుంది.

గార పళ్లున్న పిల్లల్ని లెక్కపెట్టడం, ఫొటోలు తీయడం దయచేసి చేయకండి. ప్రాజెక్టు రిపోర్టుకు అది బలం అనిపిస్తుంది, ఆ బిడ్డకు మాత్రం బడిలో నవ్వడమే మానేసేంత కష్టం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతిని తరగతిలో చూపించండి, కానీ ఆ బకెట్ నీళ్లు తాగమని ఎవరికీ చెప్పకండి. మోతాదు నీటి క్షారతను బట్టి మారుతుంది, తప్పితే అల్యూమినియం మిగులుతుంది.

క్లోరిన్‌కు ఆర్థోటోలిడిన్ చుక్కలున్న కిట్ పిల్లల చేతికి ఇవ్వొద్దు, ఆ రసాయనం మంచిది కాదు. డీపీడీ మాత్రలవి కొనండి. నల్లా చివరి ఇంటి దగ్గర లీటరుకు 0.2 మి.గ్రా. ఉండాలి, ట్యాంకు కింద కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే కలుషితమైనట్టు. నల్లబడిన సీసాను మూత తీయకుండా టీచరుకే ఇవ్వాలి. టీచరు అందులో బ్లీచింగ్ వేసి అరగంట ఉంచి పారబోయాలి.

#12 · నల్లబల్ల

మీ సలహాలన్నీ కలిపి ఇలా రాసుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

జూలై: పప్పు ప్రయోగం, ఊరి నుంచి ప్రశ్నలు సేకరించే నోటుపుస్తకం ఆర్వో ప్లాంటు దగ్గర, రచ్చబండ దగ్గర. ఆగస్టు: 17 జంటలు, టైట్రేషన్ సాధన, గుడ్డి నమూనా. ఆగస్టు 15 గ్రామసభలో పప్పు గ్రాఫు మాత్రమే. సెప్టెంబరు నుంచి నెలకు రెండు శనివారాలు 14 చోట్లూ. బావి మట్టం పదిహేను రోజులకోసారి, వాన రోజూ. కఠినత్వం 10 మి.లీ. నమూనాతో, సిరంజితో, వచ్చినదాన్ని 20తో గుణించి. అక్టోబరు 2 గ్రామసభలో ఫ్లోరైడ్, అప్పటికి ప్రయోగశాల ఫలితం చేతిలో ఉండాలి. నవంబరు నుంచి ట్యాంకు సెన్సరు. సైన్స్ కాంగ్రెస్‌కు పంపితే ఎవర్ని పంపాలో తరగతే తేలుస్తుంది.

#13 · జలగణితం

ఒక్క దిద్దుబాటు. 20 అనేది 50 మి.లీ. నమూనాకు. 10 మి.లీ. తీసుకుంటే 100తో గుణించాలి. 20తో గుణిస్తే 600 ఉన్న నీళ్లు 120గా కనిపిస్తాయి, ఊరంతటికీ మంచి నీళ్లని రాసేస్తారు. 10 మి.లీ. అయితే బఫర్ కూడా తగ్గించండి, నాలుగైదు చుక్కలు చాలు. సిరంజిలో 0.2 మి.లీ. గీతలుంటాయి, అంటే ఒక గీత తేడా 20 మి.గ్రా. ఫలితాన్ని 580 అని రాయాలి, 583 అని కాదు. ఎందుకని పిల్లల్నే అడగండి.

#14 · గట్టుమీద

వాన తేదీ: 8:30కి కొలిచింది ఆ రోజు తేదీ కింద రాయాలి, నిన్న మధ్యాహ్నం కురిసినా సరే. దీన్ని పట్టిక పైన రాసి పెట్టండి, లేకపోతే ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా రాస్తారు. బావి కొలిచే శనివారం, నమూనాలు పట్టే శనివారం ఒకటే కానివ్వండి, తర్వాత ఫ్లోరైడ్ పక్కన మట్టం పెట్టి చూసుకోవచ్చు.

#15 · పలకా_బలపం

మీ పట్టికలో ఫిబ్రవరి ఖాళీగా ఉంది. అప్పుడు జంటలో పెద్దదైన 9వ తరగతి పిల్ల ఏమీ ముట్టుకోకుండా, 8వ తరగతి పిల్ల ఒక్కతే నమూనా పట్టి, పరీక్షించి, బోర్డు మీద రాయాలి. పక్కన కొత్తగా 7వ తరగతి పిల్ల ఒకరు నిలబడి చూడాలి. ప్రశ్నల నోటుపుస్తకంలో జవాబు రాని పేజీలకు చెవి మడిచి, జూలైలో ముందు వాటిని తెరవండి.